గీతలు కలిసే చోట స్టేషను ఉండాలి

పదో తరగతి లెక్కల పుస్తకంలో ఒక అధ్యాయం ఉంటుంది. రెండు సమీకరణాలు ఇస్తారు, గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీయమంటారు. అవి ఖండించుకున్న బిందువే జవాబు. మీరంతా గీసే ఉంటారు. మార్కులు తెచ్చుకుని హాయిగా మర్చిపోయి కూడా ఉంటారు. నేను మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే లెక్క చేసి జీతం తీసుకున్నాను, ఇప్పుడు పెన్షను తీసుకుంటున్నాను.

కరోల్ బాగ్‌లో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే తెలుగు పిల్లలు కొందరు అప్పుడప్పుడూ ఆదివారం పూట గురుగ్రామ్‌లో మా ఇంటికి భోజనానికి వస్తారు. మొన్న వాళ్ళలో ఒకడు, నోట్లో గోంగూర ముద్ద ఉండగానే, "అంకుల్, ఈ గ్రాఫులు గీయించి మా ప్రాణం తీశారుగానీ, ఎవరికన్నా ఎక్కడన్నా పనికొచ్చాయా?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెరుగన్నం దాకా ఆగి, తర్వాత మొదలుపెట్టాను. వాడు మెట్రో ఎక్కాల్సిన టైము దాటిపోయినా వదల్లేదు. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

నేను రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌ని. అంటే, ఢిల్లీలో కిటికీ లేని ఒక గదిలో కూర్చుని, ఎప్పుడూ కంటితో చూడని రైళ్ళని నడిపించేవాణ్ణి. నా ముందు ఒక చార్టు ఉండేది. అడ్డంగా కాలం, నిలువుగా స్టేషన్లు. అట్టడుగున ఢిల్లీ వైపు స్టేషను. ప్రతి రైలూ ఒక గీత. ఢిల్లీ నుంచి వెళ్ళే రైలు గీత పైకి లేస్తుంది, ఢిల్లీకి వచ్చే రైలు గీత కిందికి దిగుతుంది. గీత నిటారుగా ఉంటే బండి వేగంగా పోతున్నట్టు, పడుకుండిపోతే ఈడుస్తున్నట్టు.

నాకిచ్చిన సెక్షను సింగిల్ లైను. ఎదురెదురుగా వచ్చే బండ్లకి కూడా ఉన్నది ఒకే పట్టాల జత. కాబట్టి వాటి గీతలు ఎక్కడో ఒకచోట ఖండించుకుని తీరతాయి. మీ పుస్తకంలో ఎక్కడ ఖండించుకున్నా జవాబే. మా దగ్గర ఆ బిందువు కచ్చితంగా ఒక స్టేషను మీద పడాలి. స్టేషనులో పక్కన లూప్ లైను ఉంటుంది. ఒక బండి దాన్లోకి తప్పుకుంటే రెండోది మెయిన్ లైను మీద వెళ్ళిపోతుంది. దీన్ని క్రాసింగ్ అంటాం. బిందువు స్టేషను లేని చోట పడిందంటే, ముందే ఒక బండిని ఎక్కడో ఆపేయాలి.

సమాంతర రేఖలకు సాధన లేదని మాస్టారు చెప్పే ఉంటారు. మా లెక్కలో అవి ఒకే వేగంతో ఒకదాని వెనక ఒకటి పోయే బండ్లు, వాటితో పేచీ లేదు. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే అనంతమైన సాధనలు ఉంటాయని కూడా చెప్పి ఉంటారు. మా దగ్గర అలా పడితే దాన్ని ఎంక్వైరీ అంటారు.

ఇప్పుడు ఆ రోజు సంగతి. రిటైరవడానికి ఇంకా కొన్నేళ్ళు ఉంది. అప్పటికే కంప్యూటర్లు వచ్చాయి. బండి నడిచిపోయిన దారిని తెరమీద అదే గీసేది. నడవబోయే దారిని మాత్రం మనమే గీసుకోవాలి. అందుకని నేను కాగితమూ పెన్సిలూ పొడుగు స్కేలూ వదల్లేదు. కుర్ర కంట్రోలర్లు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేవాణ్ణి.

జనవరి నెల, ఢిల్లీ పొగమంచు. స్వెట్టరు మీద కోటు, కోటు మీద మఫ్లరు చుట్టుకుని పొద్దున షిఫ్టుకి వెళ్ళాను. రాత్రి డ్యూటీ చేసిన బీహారీ మిత్రుడు దిగిపోతూ తన బోర్డు, అంటే ఆ సెక్షను చూసే బల్ల, నాకు అప్పజెప్పాడు. మా దగ్గర ఒక మర్యాద ఉంది. దిగిపోయేవాడు రాబోయే గంటల గీతలు కూడా గీసిపెట్టి వెళతాడు. వచ్చినవాడు కూర్చుని, టీ తాగి, కాస్త ఊపిరి పీల్చుకోవాలి కదా. ఆయన చార్టు ఎప్పుడూ పెళ్ళి ముగ్గులా ఉండేది. ఆ రోజూ అలాగే ఉంది.

చార్టులో రెండు గీతల దగ్గర నా చూపు ఆగింది. ఒకటి ఢిల్లీకి వస్తున్న పాసింజరు. రాత్రంతా మంచులో పాకుతూ వచ్చి, బాగా లేటైంది. రెండోది ఢిల్లీ నుంచి బయల్దేరిన ఎక్స్‌ప్రెస్. అక్కడి మూడు స్టేషన్లనీ చార్టు మీద ఉన్న వరసలో పై, నడిమి, కింది స్టేషన్లంటాను. మిత్రుడి గీతల ప్రకారం అవి రెండూ పై స్టేషనుకీ నడిమి స్టేషనుకీ మధ్య పొలాల్లో కలుస్తున్నాయి. కాబట్టి పాసింజరుని పై స్టేషనులోనే ఆపేసి, ఎక్స్‌ప్రెస్ దాటిపోయాక వదలాలి. దాదాపు గంటసేపు పడిగాపులు. పాసింజరు అప్పుడే పై స్టేషనుకి చేరి లూప్‌లో నిలబడింది. పాసింజరు ఆగడం, ఎక్స్‌ప్రెస్ పోవడం మామూలే కాబట్టి నేనూ టీ గ్లాసు అందుకున్నాను.

అంతలో ఫోను మోగింది. కంట్రోలు ఫోనని ఒకటి ఉంటుంది. సెక్షనులోని స్టేషన్లన్నీ ఒకే లైను మీద ఉంటాయి. ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది. పై స్టేషను మాస్టరు, హర్యానా పెద్దాయన, గొంతు తగ్గించి అన్నాడు:

"సాబ్, పూరీ గాడీ బచ్చియోఁ సే భరీ పడీ హై. బండి నిండా ఆడపిల్లలే. నర్సుల పరీక్షట. పదకొండింటికి గేటు మూసేస్తారట. నా గది నిండా వాళ్ళే ఉన్నారు. ఒకమ్మాయి మీతో మాట్లాడాలంటోంది."

"ఈ ఫోన్లో పాసింజర్లు మాట్లాడకూడదు" అన్నాను. నేను వాక్యం పూర్తిచేసేలోపే ఫోను చేతులు మారిపోయింది.

"అంకల్, గాడీ కబ్ చలేగీ?" అందా అమ్మాయి, బండి ఎప్పుడు కదులుతుందని. "మేరీ ఉమర్ నికల్ రహీ హై అంకల్. యే ఆఖరీ మౌకా హై."

వయోపరిమితి దాటిపోతోంది. ఈసారి పరీక్ష రాయలేకపోతే ఇంక ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే అవకాశమే లేదు. తన ఊరి నుంచి ఉన్న బండి ఇదొక్కటేనట. రాత్రి ఎక్కి కూర్చుందట. నా సర్వీసులో ఆ ఫోను మీద స్టేషను మాస్టర్ల గొంతులు తప్ప ఇంకో గొంతు వినలేదు. నా చార్టు మీద నీలం గీతగా ఉన్నది ఒక్కసారిగా మనిషై ఎదురుగా నిలబడింది. దాచుకోవడమెందుకు, కళ్ళు చెమర్చాయి.

"దో మినట్ రుకో బేటీ" అని, టీ గ్లాసు పక్కన పెట్టేసి, స్కేలు తీశాను.

అప్పుడు కనిపించింది మిత్రుడి పొరపాటు. పాపం, ఆయన రాత్రంతా పాకిన బండి గీతకి స్కేలు ఆనించి, అదే వాలుతో చార్టు అడుగు దాకా లాగేశాడు. మా వాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. ఉన్న గీతని ముందుకు సాగదీస్తే పని తేలిక. కానీ రాత్రి మంచు పొద్దున్న కూడా ఉంటుందని స్కేలుకెవరు చెప్పారు? మంచు విడిపోతే డ్రైవరు మామూలు వేగం అందుకుంటాడు. అప్పుడు గీత నిటారవుతుంది. గీత నిటారైతే కలిసే చోటు మారుతుంది.

ఫోను మీద నడిమి స్టేషను వాణ్ణి అడిగాను. అక్కడ ఎండ పడిందన్నాడు. కింది స్టేషనులో డ్యూటీలో ఉన్న స్టేషను మాస్టరు మన తెలుగమ్మాయే. జనగామ వైపు నుంచి వచ్చింది. రైల్వే పరీక్ష రాసి, హర్యానాలో ఆవాల చేల మధ్య ఒంటరి స్టేషనులో పోస్టింగు తెచ్చుకుంది. చేరి ఏడాది కూడా కాలేదు. ప్రతి స్టేషనులోనూ కొంత దూరంలో ఒక గుర్తు స్తంభం పెట్టుకుంటారు. అది కనిపించకపోతే మంచు ఉన్నట్టు లెక్క.

"అమ్మాయ్, నీ స్తంభం కనిపిస్తోందా?" అని తెలుగులోనే అడిగాను.

"అద్దగంట కింద ఏం కనవడలే సార్. ఇప్పుడు స్తంభం ఒక్కటేనా, దాని ఎన్క కట్టేసిన బర్రె గూడ కనవడ్తుంది. నెమరేస్తుంది సార్."

"హిందీలో మాట్లాడండి భాయ్, మాకూ అర్థం కావాలి" అని లైను మీద ఇంకెవరో గొణిగారు.

నేను కొత్త గీత గీశాను. మంచు లేని వేగంతో, పై స్టేషను నుంచి కిందికి. అది ఎక్స్‌ప్రెస్ గీతని సరిగ్గా కింది స్టేషను దగ్గర తాకింది. నడిమి స్టేషను నాకు ఎలాగూ పనికిరాదు, దాని లూప్‌లో డ్రైవరు లేని బొగ్గు గూడ్సు పడి ఉంది. కింది స్టేషను లూప్ ఖాళీ. పాసింజరు ఇప్పుడే కదిలితే, ఎక్స్‌ప్రెస్ వచ్చేసరికి కింది స్టేషను లూప్‌లోకి దూరిపోవచ్చు. ఎక్స్‌ప్రెస్‌కి బ్రేకు కూడా పడదు. పాసింజరుకి గంట ఆదా. రెండోసారి గీశాను. స్కేలు తిప్పి మూడోసారి గీశాను. అక్కడే తాకింది.

ఇక మా ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాలి. పంజాబీ మనిషి, మంచివాడే, కానీ గొంతు లౌడ్‌స్పీకరు. నన్ను ఎప్పుడూ 'మద్రాసీ బాబూ' అనే పిలిచేవాడు. అయ్యా, మాది తెనాలి, మద్రాసు నేను సరిగ్గా చూడను కూడా లేదు అని చెబితే, "అచ్ఛా, అచ్ఛా" అని తలూపి, మర్నాడు మళ్ళీ మద్రాసీ బాబూ అనేవాడు.

చార్టు చూపించాను. చూసి కుర్చీలోంచి లేచాడు.

"పాగల్ హో గయే హో? ఆ ఎక్స్‌ప్రెస్ వెనకాల బడే సాబ్ సెలూన్ తగిలించి ఉంది తెలుసా? పాసింజరు కాస్త ఆలస్యమైతే ఎక్స్‌ప్రెస్ సిగ్నలు దగ్గర నిలబడుతుంది. పాసింజరు కోసం ఎక్స్‌ప్రెస్‌ని ఆపిన మహానుభావులు ఎవరని ఆయన అడుగుతారు. అప్పుడేం చెబుతావు?"

సెలూన్ అంటే పెద్ద అధికారులు తనిఖీకి వెళ్ళే పెట్టె. సెలూన్ ఉన్న బండికి చీమ కూడా అడ్డురాకూడదని మా ఆఫీసులో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఆగదు సార్. గీత చూడండి. ఆగితే నా పేరు రాసుకోండి."

"గీతదేముంది, పెన్సిలు నీది! నువ్వు ఎక్కడ కలపాలంటే అక్కడ కలుస్తుంది."

"ఐతే స్కేలు మీరే పట్టుకోండి" అని ఆయన చేతికే ఇచ్చాను. "మంచు లేకపోతే పాసింజరు ఎంత వేగంతో పోతుందో మీకు తెలియనిది కాదు. మీరే గీయండి. పొలాల్లో కలిస్తే నోరు మూసుకుని కూర్చుంటాను."

గదిలో అందరూ మావైపే చూస్తున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. ఐనా స్కేలు ఆనించాడు, కళ్ళజోడు సవరించుకున్నాడు, గీశాడు. ఆయన గీత కూడా కింది స్టేషను మీదే పడింది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మద్రాసీ బాబూ, మరవా దోగే" అన్నాడు. కొంప ముంచుతావని అర్థం. వద్దని మాత్రం అనలేదు. నాకు అదే చాలు.

పరుగున వచ్చి ఫోనందుకున్నాను. "పాసింజరు వదలండి! కింది స్టేషనులో క్రాసింగ్. డ్రైవరుతో చెప్పండి, దారి కనిపిస్తే వేగం తగ్గించొద్దని."

"కనిపించాక నేనెందుకు తగ్గిస్తా అంటున్నాడు సాబ్" అని పెద్దాయన జవాబు. వెనకాల ఆడపిల్లల కేక ఒకటి వినిపించింది. తర్వాత పరుగులు, తలుపుల చప్పుడు, కూత.

ఇక ఆ తర్వాత నా పని ఎదురుచూడటమే. కంట్రోలర్ ఉద్యోగంలో కష్టమంతా అక్కడే ఉంది. ఆర్డరిచ్చేశాక చేతిలో ఏమీ ఉండదు. ఇన్‌చార్జి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఊపిరి నా మెడ మీద తగులుతోంది. పాసింజరు నడిమి స్టేషను దాటిందని కబురొచ్చింది. చుక్క పెట్టాను. సరిగ్గా గీత మీదే పడింది. "దేఖా?" అన్నాను వెనక్కి తిరక్కుండానే.

కింది స్టేషను అమ్మాయి గొంతు వినిపించింది. "సార్, ఎక్స్‌ప్రెస్ నా ముందటి స్టేషన్ దాటింది. వస్తుంది."

"పాసింజరు?"

"ఇంకా కనవడ్తలేదు సార్."

పాసింజరు పూర్తిగా లూప్‌లోకి వచ్చి, ఆఖరి పెట్టె వెనకాల బోర్డు ఆమె కంటితో చూసి, పాయింట్లు మార్చి పట్టాల్ని మెయిన్ లైనుకి కలిపాకే ఎక్స్‌ప్రెస్‌కి సిగ్నలివ్వాలి. అప్పటిదాకా దాని మొహాన ఎర్రదీపమే. బడే సాబ్ ఎర్రదీపం ముందు ఆగి, పొలాలు చూస్తూ కూర్చుంటారు. ఆ అమ్మాయికీ తెలుసు. ఏడాది కూడా నిండని ఉద్యోగం.

"సార్, నాకు చేతులు వణుకుతున్నయి."

"వణికితే వణకనీ తల్లీ. వేళ్ళు సరైన మీట మీద పడితే చాలు. తొందరపడకు. ఆఖరి బోర్డు చూడందే ఏమీ కదపకు. ఎక్స్‌ప్రెస్ ఆగితే ఆగనీ, తిట్లు నేను తింటాను."

"సరే సార్... కూత! కూత ఇనవడ్తుంది సార్! వస్తుంది. ఉరుకుతుంది సార్, బండి ఉరుకుతుంది!"

కుర్చీ వెనక ఇన్‌చార్జి నా భుజం పట్టుకున్నాడు. గోళ్ళు కోటులోంచి దిగబడ్డాయి. లైను మీద అందరూ వింటున్నారని ఆ ఊపిరుల చప్పుడు వల్ల తెలుస్తోంది.

"లూప్‌ల వడ్డది సార్. పెట్టెలు వస్తున్నయి... వస్తున్నయి... లాస్ట్ బోర్డు చూసిన! పాయింట్లు మలిపిన. సిగ్నలిచ్చిన సార్!"

ఎక్స్‌ప్రెస్ ఆ స్టేషనుని పూర్తి వేగంతో దాటింది. బ్రేకు మీద డ్రైవరు చెయ్యి పడలేదు. నా చార్టు మీద రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట గుండ్రంగా చుట్టి, పెన్సిలు కింద పడేశాను. నా సర్వీసులో అంతకన్నా అందమైన బిందువు నేను పెట్టలేదు.

సంతోషించడానికి తీరిక లేకుండా ఇన్‌చార్జి జేబులో మొబైలు మోగింది. పేరు చూసి ఆయన మొహం పాలిపోయింది. సెలూన్లోంచి బడే సాబ్. "జీ సర్... జీ... కింది స్టేషనులో క్రాసింగా సర్? అది... ఒక్క నిమిషం, ఆ ఆర్డరిచ్చినాయన పక్కనే ఉన్నాడు" అని మొబైలు నా చేతిలో కుక్కేశాడు. ఇంతసేపూ భుజం పట్టుకున్న మనిషి రెండడుగులు వెనక్కి జరిగి, గోడ మీద క్యాలెండరు చూడసాగాడు.

"మామూలుగా లూప్‌లో ఆగిన పాసింజరు వాళ్ళు నా సెలూన్ చూస్తే తిట్టుకుంటారు" అన్నారు బడే సాబ్ ఇంగ్లీషులో. "ఇవాళ కిటికీల్లోంచి ఆడపిల్లలంతా చేతులూపారు. ఏమిటి విషయం?"

చెప్పాను. నర్సుల పరీక్ష, పదకొండింటి గేటు, వయసు దాటిపోతున్న అమ్మాయి, మంచు విడిపోవడం, గీత మారడం, అన్నీ. ఎక్స్‌ప్రెస్ చక్రాల చప్పుడు మీంచి బడే సాబ్ అడిగారు:

"మరి ఇప్పుడు ఆ పాసింజరు ఎక్కడుంది? ఢిల్లీ శివార్లలో లోకల్ బండ్ల వెనకాల ఇరుక్కుంటే మీరు చేసిందంతా వృథా కదా? పక్క బోర్డు వాళ్ళకి నా మాటగా చెప్పండి. ఢిల్లీ దాకా దానికి దారి ఖాళీగా ఉంచమనండి."

ఈ మాటలు మొబైల్లోంచి బయటికే వినపడ్డాయి. క్యాలెండరు చూస్తున్న మా ఇన్‌చార్జి ఒక్క గెంతు గెంతి మొబైలు లాక్కున్నాడు. "సర్, నేనే స్వయంగా స్కేలు పట్టి గీత గీశాను సర్! ఠీక్ హై సర్, ఇప్పుడే చెబుతున్నాను సర్!" నాకు నవ్వాగలేదు. కానీ ఒకటి చెప్పాలి, ఆ తర్వాత ఆయన గొంతే పనికొచ్చింది. పక్క బోర్డు కంట్రోలర్ మీద పడి అరిచిన అరుపులకి, ఆ పాసింజరు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడనన్ని పచ్చదీపాలు ఆ పూట చూసింది.

బండి ఢిల్లీ చేరినట్టు కబురొచ్చేసరికి పదకొండు కావస్తోంది. పరీక్ష జరిగే బడి స్టేషనుకి ఎదురుగానే, రోడ్డు దాటితే వస్తుంది. కానీ ఆ రోడ్డు ఢిల్లీ రోడ్డు. మాకు బండి వచ్చిందనే తెలుస్తుందిగానీ, మనుషులు చేరారో లేదో తెలియదు. ఎవర్ని అడగాలి? ఇన్‌చార్జి, నేను, పక్క బోర్డాయన, టీ తెచ్చినవాడు, అందరం ఫోను చుట్టూ మూగాం. లైను మీద స్టేషన్లన్నీ ఉన్నాయి. ఎవరూ పెట్టేయలేదు.

చివరికి ఢిల్లీ స్టేషను నుంచి పాసింజరు గార్డు ఫోనందుకున్నాడు. ఆయన గసపోస్తున్నాడు.

"సాబ్, బండి పూర్తిగా ఆగకముందే దూకేశారు. ఒకటే పరుగు. అన్నం డబ్బాలు, దుప్పట్లు కూడా వదిలేశారు. నేను వంతెన ఎక్కి చూస్తూ నిలబడ్డాను. బడి గేటు అక్కణ్ణించి కనిపిస్తుంది."

"ఆ తర్వాత?"

"గేట్ తో బంద్ హో గయా, సాబ్."

గేటు మూసేశారట. కుర్చీలో కూలబడ్డాను. ఇన్‌చార్జి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

గార్డు ఊపిరి తీసుకుని మిగతా సగం చెప్పాడు. "సబ్ కే అందర్ జానే కే బాద్. అందరూ లోపలికి వెళ్ళాకే. ఆఖర్న వెళ్ళింది ఫోన్లో మాట్లాడిన పిల్లే సాబ్. వెనక ఉండి అందర్నీ తోసుకుంటూ లోపలికి పంపింది. తను వెళ్ళాక మూశారు."

"కొట్టాం!" అని అరిచాను. తెలుగులో, గది అదిరిపోయేటట్టు. అంత వయసొచ్చి కుర్చీ మీదకి ఎక్కి మరీ అరిచాను.

"క్యా బోలా? కొట్టాం క్యా హోతా హై?" అని ఇన్‌చార్జి నన్ను కిందికి లాగాడు.

"జీత్ గయే సార్!" అన్నాను, గెలిచామని.

ఆయన ఫోను లాక్కుని, ఆ లౌడ్‌స్పీకరు గొంతుతో, సెక్షనులో ఆ చివరి స్టేషను దాకా వినపడేలా అరిచాడు: "కొట్టామ్!"

"మనం కొట్టినం సార్!" అంది ఆవాల చేల మధ్య నుంచి ఆ అమ్మాయి, ఏడుస్తూ నవ్వుతూ. తర్వాత పై స్టేషను పెద్దాయన అన్నాడు, నడిమి స్టేషను వాడు అన్నాడు, ఒక్కొక్క స్టేషనూ ఒక్కొక్క యాసలో ఆ తెలుగు మాటని అరిచింది.